అత్తగారికి ఆకుపచ్చ పొట్లం

ఆ వారమంతా అత్తగారు మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళెర్ర చేస్తూనే ఉంది. పొద్దున్న చూస్తే పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది. భోజనాల వేళ దాటి తొట్లన్నీ జోరందుకునేసరికి తెర మీద ఒక మూల ఎర్రబడుతుంది. షిఫ్టు దిగిపోయాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు పచ్చబడి కూర్చుంటుంది.

అత్తగారంటే మనిషి కాదు. ఛాంగ్‌హువా శివార్లలో సైకిళ్ళ హ్యాండిళ్ళకీ పెడళ్ళకీ మెరుగుపూత పూసే ఆ ఫ్యాక్టరీలో కొన్నేళ్ళ కిందట పెట్టించిన సాఫ్ట్‌వేర్. దానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. కంపెనీకి రాబోయే ముప్పు ముందే పసిగడుతుందనీ, రూల్సు తప్పితే పట్టుకుంటుందనీ, పరువు బజారున పడకుండా కాపాడుతుందనీ అమ్మడానికి వచ్చినవాడు ఊదరగొట్టాడు. చెప్పినట్టే అది దేన్నీ వదలదు. తొట్లలోంచి లేచే ఆవిరి, కాలవలోకి వదిలే నీళ్ళ పులుపు, లైసెన్సుల గడువు, పేపర్లో కంపెనీ మీద పడ్డ చిన్న వార్త, చేతితొడుగు లేకుండా లోపలికి వెళ్ళినవాడి పేరు, అన్నీ దాని కంట్లో పడతాయి. "ఇది సాఫ్ట్‌వేర్ కాదే తల్లీ, అచ్చం మా అత్త" అని నీటిశుద్ధి షెడ్డులో పనిచేసే ఆ-గిమ్ అక్క ఒకరోజు వక్క నములుతూ అంది. అప్పటినుంచి ఆ పేరే ఖాయమైపోయింది. ఒకసారి మేనేజరు లియావ్ కూడా మీటింగులో నోరు జారి అదే పేరు అనేశాడు.

ఆ అత్తగారి దగ్గర కోడలరికం చేసేది వెంగ్ షూయున్. రిస్క్, కంప్లయన్స్ విభాగం అని గది తలుపు మీద గొప్పగా బోర్డు ఉంటుంది గానీ, విభాగమంటే ఆవిడ ఒక్కతే. పుట్టుకతోనే పిరికిది. ప్రెషర్ కుక్కరు కూత పెడితే ఇప్పటికీ వంటింట్లోంచి బయటికి పోయి నిలబడుతుంది. అలాంటి మనిషికి రోజంతా ఎరుపు ఎక్కడ పడుతుందా అని తెర వంక చూస్తూ కూర్చునే ఉద్యోగం దొరికింది. దేవుడి వేళాకోళాలు ఇలాగే ఉంటాయి.

ఎరుపు పడితే ఇంట్లో మనం మనం సర్దుకుందాంలే అనడానికి వీల్లేదు. సరుకు కొనే యూరపు సైకిళ్ళ కంపెనీవాళ్ళు అక్కడ వాళ్ళ ఆఫీసులో కూర్చుని ఇదే రంగు చూస్తారు. పచ్చగా ఉంటే ఆర్డరు. పసుపైతే ప్రశ్నలు. ఎరుపు నిలబడిపోతే మరో ఫ్యాక్టరీ. పక్క వీధిలో ఒక ప్లేటింగ్ షాపు ఉండేది. దాని వెనకాల కాలవ నీళ్ళు రంగు మారిన ఫొటో ఒకటి ఫోన్లలో తిరిగింది. తర్వాత ఆ షాపు తాళం తీసినవాడు లేడు.

ఈసారి ఎరుపు పడుతున్న మూల గొయ్యి. ఫ్యాక్టరీ వాడిన నీళ్ళన్నీ చివరికి చేరే లోతైన కాంక్రీటు గొయ్యి అది. సైనైడు కలిసిన నీళ్ళు ఒక గొట్టంలో, ఆమ్లం నీళ్ళు వేరే గొట్టంలో వస్తాయి. ఆ రెండూ శుద్ధికి ముందు ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే పుట్టే గాలి మనిషిని కేక కూడా పెట్టనివ్వదు. అందుకే గోతిలో గాలిని కొలిచే పరికరం ఒకటి వేలాడదీశారు. అది చూసింది చూసినట్టు అత్తగారికి చేరవేస్తుంది.

"పరికరం పాడైంది, అంతే" అన్నాడు లియావ్, షూయున్ కుర్చీ వెనక నిలబడి. బట్టతల మీద చెమట తుడుచుకుంటున్నాడు. గదిలో ఏసీ నడుస్తూనే ఉంది. "గొట్టాలు బాగుంటే ఎరుపెందుకు పడుతుంది?"

"గొట్టాలు బాగున్నాయో లేదో ఎవరు చూశారు సర్? మధ్యాహ్నం ఆమ్లం తొట్లు వదిలినప్పుడే పడుతోంది. ఒక్క పూట లైను ఆపి..."

"లైను ఆపడమా! రేపు యూరపోళ్ళు వస్తున్నారమ్మాయ్! వాళ్ళొచ్చేసరికి లైను ఆగి ఉంటే ఏమని చెప్పను? మా అత్తగారికి ఒంట్లో బాలేదని చెప్పనా?"

లియావ్ మంచివాడే. ఎవరి ఇంట్లో చావైనా డబ్బు పెట్టిన తెల్ల కవరు పట్టుకుని ముందు వెళ్ళేది అతనే. కానీ భయపడినప్పుడు అతని గొంతు పైకి పోతుంది, ఎదుటివాళ్ళ మాట చెవిన పడదు. అతను కాసేపు అటూ ఇటూ తిరిగి, ఉన్నట్టుండి వేలు పైకెత్తాడు.

"గోతి దగ్గర బీరువాలో పొట్లం ఎప్పుడు మార్చావు?"

షూయున్ నాలిక కరుచుకుంది. ఆ ఫ్యాక్టరీలోనే కాదు, ఆ దేశంలో ఏ యంత్రం చూసినా నెత్తిన ఒక ఆకుపచ్చ పొట్లం ఉంటుంది. పిల్లలు తినే కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు. అది పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుంది. పొట్లం ఆకుపచ్చదే అయ్యుండాలి. అదే తినుబండారం పసుపు పొట్లంలోనూ దొరుకుతుంది గానీ అది పెట్టారో, యంత్రం మొరాయిస్తుంది. గడువు దాటకూడదు. ఎవరూ తినకూడదు. ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, పోలీసువాళ్ళు ఎవరైనా సరే, పైకి నవ్వుతూనే పెడతారు. పెట్టకుండా ఉండమంటే మాత్రం ఒక్కడికీ ధైర్యం చాలదు.

"గడువు... దాటిపోయి ఉంటుంది సర్."

"అదీ సంగతి! చద్ది తిండి పెట్టి అత్తగారిని నవ్వమంటే ఎలా నవ్వుతుంది? రేపు పొద్దున్నే కొత్తది పెట్టు. వాళ్ళు వెళ్ళిపోయాక గొట్టాలు విప్పించి చూద్దాం. మాటిస్తున్నా."

అతని గొంతు తేలికపడింది. నిజం చెప్పాలంటే షూయున్‌కి కూడా తేలికపడింది. లైను ఆపించమని పోట్లాడటం కంటే పొట్లం కొనుక్కురావడం ఎంత సుఖం!

*

మర్నాడు పొద్దున షూయున్ మొగుడి స్కూటరు వెనక కూర్చుని బయల్దేరింది. రుయ్‌తెంగ్ అదే ఫ్యాక్టరీలో మరమ్మతుల మేస్త్రీ. వాళ్ళ పంచాంగంలో ఏడో నెల నడుస్తోంది. పాతాళం తలుపులు తెరుచుకుని దిక్కులేని ఆత్మలు భూమ్మీద తిరిగే నెల. వాటిని పేరు పెట్టి పిలవకూడదు గనక అందరూ 'మంచి అన్నదమ్ములు' అంటారు. వాళ్ళ కోసం ప్రతి షాపు ముందూ బల్ల వేసి పండ్లు, బిస్కెట్లు, అగరొత్తులు పెడుతున్నారు. దాంతో మొదటి షాపులో ఆకుపచ్చ పొట్లాలన్నీ అయిపోయి పసుపువే మిగిలాయి.

"పసుపుదే తీసుకోవే, ఆలస్యమవుతోంది" అన్నాడు రుయ్‌తెంగ్.

"నీకు మతి ఉందా? నోరు మూసుకుని ఇంకో షాపుకి పోనీ."

"మా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. ఈ నెల నీళ్ళ దగ్గరికి పోవద్దంట, గోతుల్లోకి దిగొద్దంట."

"మరి నువ్వేమన్నావు?"

"నా పెళ్ళాం చూస్తూ ఉంటుంది, తెర పచ్చగా ఉంటేనే దిగుతానని చెప్పా. నీమీదున్న నమ్మకం మా అమ్మకి నామీద లేదు" అని నవ్వాడు. ఆమె అతని వీపు మీద ఒకటి వేసింది.

రెండో షాపులో ఆకుపచ్చది దొరికింది. ఆఫీసుకి రాగానే లావు మార్కరుతో దానిమీద 'అత్తగారూ, దయచేసి బుద్ధిగా ఉండండి' అని రాసి, షెడ్డుకి పోయింది. గోతి పక్కన గోడకి చిన్న ఇనుప బీరువా ఉంది. పరికరం కొలిచే సంఖ్యల్ని అత్తగారికి పంపే పెట్టె అందులోనే. లోపల తీగలు చిక్కుపడిన జుట్టులా ఉన్నాయి. పాత పొట్లం గాలి పోయి చప్పిడిగా పడి ఉంది. కొత్తది గాలి నిండి బొద్దుగా ఉంది. పెట్టి తలుపు వేయబోతే పడలేదు.

"లోపలికి నెట్టు, లోపలికి!" అంది ఆ-గిమ్ అక్క వెనకనుంచి. "కొత్త కోడలిని గడప దాటిస్తున్నట్టు అంత సుతారమెందుకే?"

షూయున్ పొట్లాన్ని తీగల మధ్యకి నెట్టి, తలుపుని తుంటితో ఒక్క గుద్దు గుద్దింది. టక్కున పడింది. రెండు చేతులూ జోడించి తల వంచింది. ఆ-గిమ్ అక్క కూడా వక్క పక్క బుగ్గలోకి తోసి తల వంచింది. గదికి తిరిగొచ్చి చూస్తే తెర మీద గొయ్యి ఎప్పటిలాగే పొద్దుటి పచ్చదనంతో మెరుస్తోంది.

*

వచ్చిన అతిథులు ఇద్దరు. పొడుగాటి ఆడమనిషి, కళ్ళజోడు కుర్రాడు. లియావ్ వాళ్ళకి ఊలాంగ్ టీ పోయించాడు, హెల్మెట్లు పెట్టించాడు, ప్రతి గడప దగ్గరా వంగి వంగి దారి చూపించాడు. మధ్యాహ్నం దాటింది. ఆమ్లం తొట్లు వదిలారు. షూయున్ గదిలో ఊపిరి బిగబట్టి తెర వంక చూస్తూ కూర్చుంది. రోజూ ఎర్రబడే వేళ వచ్చింది, పోయింది.

గొయ్యి పచ్చగానే ఉంది.

అద్దాల తలుపు అవతల్నించి లియావ్ తల దూర్చి, బొటనవేలు ఎత్తి చూపించి, మళ్ళీ అతిథుల వైపు పరుగెత్తాడు. అతని ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. షూయున్ గుండెలమీంచి కొండ దిగినట్టయింది. పొద్దుటినుంచి ముట్టని డబ్బా విప్పి, ఉడికిన పంది మాంసం వేసిన అన్నం ఆబగా తింది. ఒక పొట్లం ఎంత పని చేసింది! సాయంత్రం ఆ-గిమ్ అక్కకి బబుల్ టీ ఇప్పించాలనుకుంది.

నోట్లో ముద్ద ఉండగానే తెర మీద గోతిలో విషపు గాలి ఎంతుందో చెప్పే సంఖ్య కంటబడింది. 0.8.

అది మంచి సంఖ్యే. తినడం మొదలుపెట్టినప్పుడూ అదే ఉంది. అతిథులు వచ్చినప్పుడూ అదే. ఆమె ముద్ద మింగి మళ్ళీ చూసింది. 0.8. గోతిలో గాలి ఎప్పుడూ ఒకచోట నిలవదు. ఆ సంఖ్య కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది, నాడి కొట్టుకున్నట్టు కదులుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో అది రెండు నిమిషాలు ఒకేలా ఉండటం ఆమె చూడలేదు.

పొద్దున తలుపు టక్కుమన్న చప్పుడు చెవిలో మళ్ళీ వినిపించింది.

టక్కుమన్నది తలుపేనా?

పరికరం నుంచి వచ్చే లైను తెగితే అత్తగారు పసుపుగా మారి చెప్పాలి. కానీ ఊరికే లైను పోయినప్పుడల్లా పసుపు పడుతోందని, కొనేవాళ్ళు అడుగుతున్నారని, పోయిన ఏడాదే లియావ్ ఆ హెచ్చరిక తీయించేశాడు. తీసింది షూయున్ చేతులే. అప్పటినుంచి కొత్త సంఖ్య రాకపోతే అత్తగారు చివరికి చూసిందే చూపిస్తూ కూర్చుంటుంది. చివరికి చూసింది పొద్దుటి గాలి. ఇంకా ఆమ్లం వదలని వేళ, మంచి గాలి.

అంటే ఇప్పుడు గోతిలో ఏముందో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

ఎవరూ దిగకపోతే ఫరవాలేదు, ఎవరూ దిగకపోతే ఫరవాలేదు అని పైకే గొణుక్కుంటూ ఆమె అనుమతుల పేజీ తెరిచింది. గోతిలోకి దిగాలంటే అత్తగారి అనుమతి ఉండాలి. గాలి పచ్చగా ఉంటే అత్తగారు తనంతట తానే ఇచ్చేస్తుంది. పేజీలో ఒకే ఒక అనుమతి ఉంది, ఇప్పుడే ఇచ్చింది. 'బురద పంపు ఇరుక్కుంది. అతిథులు షెడ్డు వైపు రాకముందే సరిచేయాలి.' దిగేవారి పేరు దగ్గర మొగుడి పేరు.

షూయున్ ఫోన్ అందుకుంది. రుయ్‌తెంగ్ నంబరు మోగుతూనే ఉంది. గోతిలోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు, అది లాకర్లో మోగుతుంటుంది. ఆ-గిమ్ అక్క నంబరు కలపలేదు. పంపుల రొదలో ఆవిడకి పిడుగు పడ్డా వినపడదు. షూయున్ వరండాలోకి పరుగెత్తింది.

వరండా మధ్యలో లియావ్ అతిథులతో నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే అతని నవ్వు గడ్డకట్టింది. రెండంగల్లో వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటా పరుగు? వాళ్ళు చూస్తున్నారు!"

"సంఖ్య అబద్ధం సర్. లైను తెగింది. రుయ్‌తెంగ్ గోతిలో ఉన్నాడు."

"నిజంగా తెగిందో లేదో ముందు చూసి రా. నెమ్మదిగా నడిచి వెళ్ళు."

"నడవనా?"

"అమ్మాయ్, దండం పెడతాను, ఇప్పుడు కాదు..."

ఇద్దరూ భయంతో చస్తున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో భయం. గోడమీద, అతని భుజం వెనక, అద్దం మూత ఉన్న ఎర్ర మీట కనిపిస్తోంది. దాన్ని నొక్కితే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది, సైరను మోగుతుంది, లోపలున్న ప్రతి మనిషీ బయటికి రావాలి. కుక్కరు కూతకి పారిపోయే షూయున్, చేతిలో ఉన్న ఫోనుతోనే ఆ అద్దం పగలగొట్టి మీట నొక్కింది.

*

సైరను చెవులు చీల్చేసింది. అందరూ నేర్పినట్టే వరసలు కట్టి ముందు వాకిట్లోకి పోతున్నారు. షూయున్ ఒక్కతే ఎదురు పరుగెత్తింది.

షెడ్డులో ఆ-గిమ్ అక్క గోతి అంచున మోకాళ్ళ మీద ఉంది, తాడు చుట్టే చక్రాన్ని రెండు చేతులతో తిప్పుతోంది. "రుయ్‌తెంగ్! ఒరేయ్ రుయ్‌తెంగ్! పలకరా!" అని అరుస్తోంది. షూయున్ వంగి చూసింది. మొగుడు నిచ్చెన సగంలో ఉన్నాడు. సైరను విని ఎక్కడం మొదలుపెట్టాడు కాబోలు, ఒక చెయ్యి ఇంకా మెట్టుకి చుట్టుకుని ఉంది. తల వెనక్కి వేలాడుతోంది. కింద ఎక్కడినుంచో చేదు బాదం లాంటి సన్నటి వాసన వచ్చింది.

ఆమె కాలు మొదటి మెట్టు మీద పడిపోయింది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు. మరుక్షణం ఆ-గిమ్ అక్క ఆమె చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చిపడేసింది.

"దిగావంటే రెండు శవాలు మొయ్యాలి నేను! చక్రం తిప్పు! ఏడుపు తర్వాత, ముందు తిప్పు!"

ఇద్దరూ తిప్పారు. తాడు బిగుసుకుంది, మెట్టుకి చుట్టుకున్న చెయ్యి ఊడింది, మనిషి బస్తాలా ఊగుతూ పైకి వచ్చాడు. ఆ కొద్ది సేపూ షూయున్ ఏడో నెల అన్నదమ్ములందరికీ మొక్కుకుంది. ఏం కావాలన్నా ఇస్తాను, బల్లలు నింపుతాను, వీణ్ణి మాత్రం వదిలేయండి అంది. గట్టు మీద పడుకోబెట్టి ప్రాణవాయువు మాస్కు పెట్టాక చాలాసేపటికి అతని ఛాతీ ఒక్కసారి ఎగిరిపడింది. ఆ-గిమ్ అక్క నేలమీద కూలబడి, "చచ్చి నా ప్రాణం తీశావు కదరా వెధవా" అని భోరున ఏడ్చింది.

అంబులెన్సు వెనక గేటులోంచి వచ్చింది. కూత లేకుండా రమ్మని ఎవరో చెప్పారు. అది గేటు దాటుతుండగా ముందు వాకిట్లోంచి చప్పట్లు వినిపించాయి. చాలామంది చప్పట్లు. ఎవరు ఎందుకు కొడుతున్నారో షూయున్‌కి అప్పుడు అర్థం కాలేదు.

*

సాయంత్రం ఆసుపత్రికి లియావ్ వచ్చాడు. రెండు చేతులతో రోగులకి బలానికిచ్చే కోడి సారం సీసాల పెట్టె పట్టుకుని, మంచం దగ్గర తల బాగా వంచి నిలబడ్డాడు. రుయ్‌తెంగ్ మందు మత్తులో ఉన్నాడు. సరైన వేళకి తెచ్చారు, గండం గడిచింది, రెండు మూడు రోజులు ఉంచాలి అని డాక్టరు చెప్పి వెళ్ళింది.

లియావ్ షూయున్‌ని కిటికీ దగ్గరికి పిలిచాడు.

"వాళ్ళు చప్పట్లు కొట్టారు" అన్నాడు గొంతు తగ్గించి. "సైరను మోగగానే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. డ్రిల్లు అన్నాను. మీకు చూపించాలని పెట్టామన్నాను. ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదంది ఆవిడ. మనవాళ్ళు కూడా వాళ్ళతోపాటు కొట్టారు. వచ్చే ఏడాది ఆర్డరు పెంచుతారట."

షూయున్ మంచం వంక చూసింది.

"మీట నొక్కితే కారణం రాయాలని అత్తగారు అడుగుతోంది. రాయాల్సింది నువ్వు. డ్రిల్లు అని రాసేయ్. రుయ్‌తెంగ్ ఎండదెబ్బకి పడిపోయాడు. ఖర్చంతా కంపెనీది."

"గొట్టం?"

"చూద్దాం. నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా చూద్దాం. పొద్దుటి పూట గాలి బాగానే ఉంటోంది కదా. రేపు పొద్దున్నే ఆ-గిమ్ దిగి ఆ పంపు తీసేస్తుంది." అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగాడు. "బీరువా నేనే తెరిచాను. ప్లగ్గు సగం ఊడి ఉంది. నీ పొట్లం దాని మీద ఉంది. ప్లగ్గు నొక్కేసి, పొట్లం చెత్తబుట్టలో పడేశాను. ఇంకెవరూ చూడలేదు. చూడరు కూడా. నువ్వు డ్రిల్లు అని రాస్తే నీ పేరు ఎక్కడా రాదు."

బెదిరించడానికి అన్నాడో, ఊరడించడానికి అన్నాడో అతనికే తెలిసి ఉండదు. అప్పటివరకూ మొగుడి ప్రాణం గురించే భయం. ఇప్పుడు తనని తాను చూసుకుంటే భయం వేసింది. పొట్లం పెట్టింది తను. పసుపు హెచ్చరిక తీసింది తను. నిజం రాస్తే ముందు ఊడేది తన ఉద్యోగం. తర్వాత పోలీసులు. తర్వాత రంగు చూసి యూరపువాళ్ళు పోతారు, ఫ్యాక్టరీ తాళం పడుతుంది, ఛాంగ్‌హువాలో ఎదురుపడిన ప్రతివాడూ నీ వల్లే అంటాడు. లియావ్ విందుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మళ్ళీ వంగి తల దించాడు.

ఆమె ఫోన్ తీసింది. అత్తగారు ఓపిగ్గా అడుగుతోంది: డ్రిల్లా, నిజమా? కింద రెండు చిన్న గడులు ఉన్నాయి. బొటనవేలు 'డ్రిల్లు' మీదకే పోయింది. నొక్కితే అయిపోతుంది. రేపటినుంచి అన్నీ పచ్చగా ఉంటాయి. రేపు మధ్యాహ్నం పడబోయే ఎరుపుని ఎలా ఆపాలో కూడా ఇప్పుడు ఇద్దరికీ తెలుసు, ప్లగ్గు కాస్త ఊడితే చాలు.

"ఏంటే?" అన్నాడు రుయ్‌తెంగ్. మాస్కులోంచి గొంతు గరగరమంది.

"ఏం లేదు. పడుకో."

"తెర పచ్చగానే ఉందే అప్పుడు. దిగేముందు ఆ-గిమ్ అక్క అడిగింది, ఇంకోసారి చూద్దామారా అని. అక్కర్లేదన్నా." అతను ఊపిరి కోసం ఆగాడు. "అటువైపు నువ్వు కూర్చున్నావుగా అన్నా."

అతను కావాలని అన్న మాట కాదు. ఎత్తిపొడుపు అయితే ఆమె తిరిగి ఏదో ఒకటి అనేది. మందు మత్తులో, నిజంగానే అర్థంకాక అన్నాడు. షూయున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేపు పొద్దున ఆ-గిమ్ అక్క కూడా నడుముకి తాడు కట్టుకుంటూ ఇదే మాట అనుకుంటుంది. తన కాలరు పట్టుకుని వెనక్కి లాగిన చెయ్యి ఆ నిచ్చెన పట్టుకుని కిందకి దిగుతుంది.

ఆమె 'నిజం' నొక్కింది. కారణం దగ్గర మూడు ముక్కలు రాసింది. పొట్లం పెట్టినప్పుడు నా చేతుల వల్లే ప్లగ్గు ఊడింది. లైను తెగితే చెప్పే హెచ్చరికని తీసేసి ఉంచాం. ఆమ్లం గొట్టం కారుతోంది, విప్పి చూసేవరకూ గోతిలోకి ఎవరూ దిగకూడదు. కింద తన పేరు రాసింది. పంపింది.

ఒక మూల కాదు, ఈసారి తెర మొత్తం ఎర్రబడింది. అక్కడ ఎక్కడో సముద్రాల అవతల ఆఫీసులో కూడా ఎర్రబడి ఉంటుంది. వెంటనే ఫోన్ మోగింది. ఎత్తబోతే చేతిలో నిలవలేదు. రుయ్‌తెంగ్ సూది గుచ్చిన చేత్తోనే దాన్ని అందుకుని ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

"షూయున్!" లియావ్ గొంతు వెనక గ్లాసులు, నవ్వులు వినిపిస్తున్నాయి. "ఎర్రబడిందమ్మాయ్, మొత్తం ఎర్రబడింది! వాళ్ళ ఫోన్లు కూడా మోగుతున్నాయి! పొట్లం పడేశాను కదా, అందుకే! ఆ-గిమ్‌కి చెప్పి వెంటనే ఇంకోటి పెట్టించు!"

"పొట్లం వల్ల కాదు సర్" అంది షూయున్. మాట వణికింది గానీ వచ్చింది. "ఎరుపు నేను పెట్టాను."

అవతల నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో, ఏమైందని లియావ్‌ని అడిగింది. షూయున్ ఫోన్ పెట్టేయలేదు. అతను ఆవిడకి ఏమని చెబుతాడో వినడానికి, మొగుడి చెయ్యి పట్టుకుని, భయపడుతూ అలాగే కూర్చుంది.